చిన్న క్లినిక్‌లో రక్త పరీక్షలు తేడా వస్తుంటే మెషిన్ కొనాలా, ల్యాబ్ మార్చాలా?

డాక్టర్ గారూ, మీ ప్రశ్న చాలా పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెప్తా. ఉప్పల్ వైపు మీకో జనరల్ క్లినిక్ ఉంది. మీరు, ఒక సిస్టర్, రక్తం తీసే అబ్బాయి ఒకడు. పొద్దున్నుంచి తీసిన శాంపిల్స్‌ని సాయంత్రం బయట ల్యాబ్ రైడర్ వచ్చి పట్టుకెళ్తాడు. ఈ మధ్య ఏ జబ్బూ లేనోళ్లకి కూడా పొటాషియం ఎక్కువొస్తోంది, మీ గ్లూకోమీటర్‌కీ ల్యాబ్ షుగర్‌కీ పొంతన కుదరట్లేదు, ఒకావిడ థైరాయిడ్ రిపోర్ట్ వచ్చి మూడు వారాలైనా ఎవరూ చూడలేదు. అందుకని ఒక సెమీ ఆటో ఎనలైజర్ (రక్త పరీక్షలు చేసే చిన్న మెషిన్) కొని ఇక్కడే చేసుకుందామా, లేదంటే ల్యాబ్ మార్చేద్దామా అని అడిగారు. చివర్లో ఆ అబ్బాయిని మార్చాలా అని కూడా.

ఇప్పుడే ఏదీ వద్దు. మెషిన్ వద్దు, ల్యాబ్ మార్చడం వద్దు, అబ్బాయిని మార్చడం అసలే వద్దు. మీరు చెప్పినవాటిలో మొదటి రెండూ రక్తం తీయడం మొదలుపెట్టాక, మెషిన్ ఎక్కకముందు జరిగేవి. మూడోది రిపోర్ట్ ప్రింటయ్యాక జరిగింది. రేపు మెషిన్ కొన్నా ఈ మూడూ ఇలాగే ఉంటాయి, కాకపోతే అప్పుడు తిట్టుకోడానికి బయట ల్యాబ్ కూడా ఉండదు.

నేను బయోకెమిస్ట్రీ మనిషిని, సిటీలో ల్యాబ్‌లలో క్వాలిటీ పని చాలా ఏళ్లు చేసి ఇప్పుడు చిన్న క్లినిక్‌లకీ నర్సింగ్ హోమ్‌లకీ ఇదే పని చేసిపెడుతున్నా. ఇలాంటి కంప్లయింట్‌తో పిలిచిన చోటల్లా నేను ముందు మెషిన్ దగ్గరికి పోను, రక్తం తీసే కుర్చీ పక్కన నిలబడతా. ఇది నా ఒక్కడి అలవాటేం కాదు. ఇటలీలో పడువా హాస్పిటల్ ల్యాబ్‌వాళ్లు 1997లో ఒకసారి, 2007లో ఇంకోసారి తమ తప్పులు తామే లెక్కపెట్టుకున్నారు. రెండుసార్లూ 60 శాతానికి పైగా తప్పులు శాంపిల్ మెషిన్ ఎక్కకముందు జరిగినవే, మెషిన్ దగ్గర జరిగినవి 15 శాతం దాటలేదు. అది పెద్ద హాస్పిటల్, లోపలే ల్యాబ్. మీలాగ శాంపిల్ రోడ్డెక్కి ఉప్పల్ రింగ్ రోడ్ సిగ్నల్ దాటిపోవాల్సిన చోట ఎట్లుంటుందో మీరే ఊహించుకోండి.

పొటాషియం సంగతి ముందు. దొంగ పొటాషియానికి, అంటే ఒంట్లో లేకుండా రిపోర్ట్‌లో మాత్రమే ఎక్కువ కనపడేదానికి, నాలుగు దారులున్నాయి, ఏ దారిన వచ్చిందో రిపోర్ట్‌లోని పక్క నంబర్లే చాలావరకు చెప్పేస్తాయి.

ఒకటి, ఈడీటీఏ కలవడం. పర్పుల్ క్యాప్ ట్యూబ్‌లో ఉండేది పొటాషియం ఈడీటీఏ, రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు. పర్పుల్ ముందు నింపి తర్వాత ఎల్లో క్యాప్ (పొటాషియం చూసే ట్యూబ్) నింపితే సూది మీద అంటుకున్నది కొంచెం అందులోకి వెళ్తుంది. ఇంకా ఘోరం ఏంటంటే, ఎల్లోలో రక్తం తక్కువ పడిందని పర్పుల్‌లోది కొంచెం అందులో ఒంపేస్తారు, ఇది నేను ఒకటికంటే ఎక్కువ చోట్ల కళ్లారా చూశా, చేసేవాళ్లకి అది తప్పని కూడా తెలీదు, పేషెంట్‌ని రెండోసారి పొడవకుండా కాపాడాం అనుకుంటారు. ఇట్లా అయితే పొటాషియం పెరగడంతో పాటు కాల్షియం పడిపోతుంది, ఏఎల్‌పీ అనే ఎంజైమ్ కూడా పడిపోతుంది, ఎందుకంటే ఈడీటీఏ కాల్షియాన్నీ, ఏఎల్‌పీకి కావాల్సిన జింక్, మెగ్నీషియంనీ పట్టేసుకుంటుంది. పొటాషియం 7, కాల్షియం 5, మనిషేమో నడుచుకుంటూ వచ్చి మీ ఎదురుగా కూర్చుని రైతుబజార్‌లో టమాట రేటు మాట్లాడుతున్నాడు అంటే అది ఈడీటీఏనే, ఈసీజీ తీసేలోపే చెప్పెయ్యొచ్చు. (అయినా ఈసీజీ తీయండి, రిపీట్ శాంపిల్ తీయండి. నేను చెప్పానని ఊరుకోవద్దు.)

రెండు, హెమోలిసిస్, అంటే ఎర్ర కణాలు పగిలి లోపలిది బయటికి రావడం. సిరంజితో తీసి, సూది ఉండగానే ట్యూబ్ గోడకి గట్టిగా కొట్టినట్టు నెట్టడం, ట్యూబ్‌ని షేక్ చేయడం, స్పిరిట్ ఆరకముందే గుచ్చడం. ఇందులో సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) ఎర్రగా కనిపిస్తుంది, కణాల్లో ఉండే ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ అనే ఎంజైములు కూడా పెరుగుతాయి. మంచి ల్యాబ్ అయితే రిపోర్ట్ కింద 'శాంపిల్ హెమోలైజ్డ్' అని రాస్తుంది.

మూడు, పిడికిలి. మనందరి నోటికీ అలవాటైపోయింది, 'పిడికిలి బిగించండి, వదలండి, బిగించండి' అని. టోర్నికెట్ (చేతికి బిగించే పట్టీ) కట్టి అట్లా చేయిస్తే ముంజేతి కండరంలోంచి పొటాషియం బయటికొస్తుంది, ఒక యూనిట్ దాకా తేడా రావచ్చు. టోర్నికెట్ ఒక నిమిషం మించొద్దు, నరం దొరికి రక్తం రావడం మొదలవ్వగానే వదిలేయాలి.

నాలుగోది ఫ్రిజ్, మీ దగ్గర జరుగుతున్నది ఇదేనని నా అనుమానం. మీరు రాసిన ఒక్క లైన్ వల్ల: 'రైడర్ లేటయితే పాడవకూడదని శాంపిల్స్ ఫ్రిజ్‌లో పెడుతున్నాం'. సీరం వేరు చేయని రక్తాన్ని ఫ్రిజ్‌లో పెడితే ఎర్ర కణాల్లో పొటాషియాన్ని లోపలే పట్టి ఉంచే పంపు చల్లదనానికి ఆగిపోతుంది, పొటాషియం మెల్లగా సీరంలోకి కారుతుంది. కణం పగలదు, కాబట్టి సీరం ఎర్రబడదు, మెషిన్‌కి అనుమానం రాదు, ల్యాబ్ టెక్నీషియన్‌కీ రాదు. కాల్షియం నార్మల్, ఏఎల్‌పీ నార్మల్, పొటాషియం మాత్రం 6. ఎవరి తప్పూ బయటికి కనపడదు. సీరం వేరు చేయకుండా ఎలక్ట్రోలైట్స్ (సోడియం, పొటాషియం లాంటివి) శాంపిల్ ఫ్రిజ్‌లో పెట్టొద్దు, ఈ ముక్క ఫ్రిజ్ తలుపు మీద తెలుగులో రాసి అంటించండి.

అందుకే మీరు డబ్బు పెట్టాలనుకుంటే ఎనలైజర్ మీద కాదు, ఒక చిన్న సెంట్రిఫ్యూజ్ (ట్యూబుల్ని వేగంగా తిప్పి సీరం వేరు చేసే యంత్రం) మీద పెట్టండి. జెల్ ఉన్న ఎల్లో క్యాప్ ట్యూబ్ నింపి, నాలుగైదుసార్లు మెల్లగా తిప్పి, అరగంట నిలబెట్టి పూర్తిగా గడ్డకట్టనిచ్చి, పది నిమిషాలు స్పిన్ చేస్తే జెల్ మధ్యలో అడ్డంగా నిలబడుతుంది, ఇక పైన సీరం సేఫ్. తీసిన రెండు గంటల్లోపు ఇది అయిపోవాలి. ఇక్కడ తొందరపడి పావుగంటకే స్పిన్ చేస్తే ఫైబ్రిన్ దారాలు మిగిలి మెషిన్ ప్రోబ్ మూసుకుపోతుంది, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి అరగంట కూడా చాలదు. ఇంకో మాట, ఒకసారి స్పిన్ అయిన జెల్ ట్యూబ్‌ని సీరం చాల్లేదని మళ్లీ స్పిన్ చేయకూడదు, జెల్ కింద పేరుకున్న పొటాషియం అంతా పైకొస్తుంది. ల్యాబ్‌కి చేరాక అక్కడ మళ్లీ తిప్పేస్తారేమో, ట్యూబ్ మీద 'స్పిన్ అయింది' అని ఒక స్టిక్కర్ వేయండి.

ఇక షుగర్. వేరు చేయని రక్తంలో కణాలు బతికే ఉంటాయి కదా, షుగర్ తింటూనే ఉంటాయి. మామూలు గది వేడిలో గంటకి 5 నుంచి 7 శాతం తగ్గుతుంది, మన మే నెల ఎండలో అయితే ఇంకా వేగంగా. పొద్దున 130 ఉన్న పరగడుపు షుగర్ నాలుగు గంటలు అట్లాగే ఉంటే వంద చిల్లరకి దిగిపోవచ్చు. 126 దగ్గర గీత గీసుకుని డయాబెటిస్ ఉందా లేదా తేల్చే మనకి ఇది చిన్న విషయం కాదు. గ్రే క్యాప్‌లో ఫ్లోరైడ్ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, కానీ అది పూర్తిగా పని మొదలుపెట్టడానికే గంటా రెండు గంటలు పడుతుంది, ఆ లోపు తగ్గాల్సింది తగ్గిపోతుంది. పైగా ట్యూబ్‌ని ఎనిమిది పదిసార్లు తిప్పకపోతే పౌడర్ అడుగునే ఉండిపోతుంది. వీలైతే గ్రే ట్యూబ్‌ని కూడా వెంటనే స్పిన్ చేసి ప్లాస్మా వేరు చేసేయండి.

గ్లూకోమీటర్ వైపు కూడా కొంచెం తప్పు పంచండి. ఐఎస్ఓ 15197 అని 2013లో వచ్చిన ప్రమాణం ప్రకారం మంచి మీటర్ కూడా 100 పైన ఉంటే 15 శాతం, 100 లోపు ఉంటే 15 మిల్లీగ్రాములు అటూ ఇటూ చూపించవచ్చు. అంటే ల్యాబ్ 140 అని, మీటర్ 155 అంటే అది గొడవే కాదు. భోజనం తర్వాత అయితే వేలి రక్తంలో షుగర్ నరం రక్తంకన్నా ఎక్కువే ఉంటుంది, అందుకే పోల్చి చూడాలంటే పరగడుపునే, ఒకే నిమిషంలో రెండూ తీసి, నరం రక్తాన్ని వెంటనే స్పిన్ చేసి పోల్చాలి. స్ట్రిప్స్ డబ్బా మూత తీసి టేబుల్ మీద వదిలేస్తే తేమకి పాడైపోతాయి. చేతులు కడిగించండి, మామిడిపండ్ల సీజన్‌లో వేలికి అంటిన రసం కూడా షుగర్ కింద లెక్కకొస్తుంది.

పరగడుపు గురించి ఒక మాట. 'ఫాస్టింగేనా' అని అడిగితే అందరూ ఆ అనే అంటారు. మన హైదరాబాద్‌లో చాయ్ తాగడం తినడం కింద రాదు. 'చాయ్ ఒక్కటే తాగిన సార్, ఏం తినలే' అన్నది నేను వినని వారం లేదు. అందుకని ప్రశ్న మార్చండి: 'పొద్దున లేచినప్పటి నుంచి నోట్లో ఏమేం వేసుకున్నారు?' దీనికి చాయ్, బిస్కెట్, షుగర్ గోలీ, పాన్ అన్నీ బయటికొస్తాయి. రంజాన్ నెలలో ఇంకో ఇబ్బంది, తెల్లవారుజామున సహరీ తిని పదింటికి వచ్చి ఉపవాసమే కదా అంటారు, నిజమే, కానీ మనకి కావాల్సిన ఎనిమిది గంటలు కాలేదు. చివరిసారి తిన్న టైమ్ ఫామ్ మీద రాసేస్తే ఈ గోల ఉండదు.

పేర్ల దగ్గర కూడా ఇంతే. 'మీరు లక్ష్మి గారేనా' అంటే చెవి సరిగా వినపడని పెద్దావిడ కూడా తలూపుతుంది. 'మీ పేరేంటమ్మా' అని ఆమెతోనే చెప్పించాలి, రెండో గుర్తుగా పుట్టిన తేదీ గానీ ఓపీ నంబర్ గానీ. ఫోన్ నంబర్ ఒక్కటే నమ్ముకోవద్దు, ఇంట్లో నలుగురికీ కొడుకు నంబరే ఉంటుంది. లేబుల్ అతికించేది రక్తం తీశాక, పేషెంట్ కుర్చీలోంచి లేవకముందు. ముందే పది ట్యూబులకి అతికించి స్టాండ్‌లో పెట్టుకోవడం, తర్వాత ట్రేలో పెట్టి లోపలికెళ్లి అతికించడం, రెండూ ప్రమాదమే. మనిషి మారిపోయిన రిపోర్ట్ ఏ క్వాలిటీ కంట్రోల్‌లోనూ దొరకదు, ఎందుకంటే మెషిన్ పరంగా అది పక్కా రిపోర్ట్.

ట్యూబుల వరుస (క్యాప్ రంగుల ప్రకారం) మీకు తెలిసిందే, అబ్బాయి కోసం రాస్తున్నా: బ్లడ్ కల్చర్ ఉంటే అది ముందు, తర్వాత బ్లూ, తర్వాత రెడ్ లేదా ఎల్లో, గ్రీన్, పర్పుల్, చివర గ్రే. బ్లూ మాత్రం గీత దాకా నిండాల్సిందే, అందులో ఒక పాలు సిట్రేట్‌కి తొమ్మిది పాళ్లు రక్తం లెక్క, తక్కువైతే పీటీ ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే టైమ్ చూసే పరీక్ష) ఊరికే ఎక్కువొస్తుంది.

ఇప్పుడు థైరాయిడ్ ఆవిడ. నిజానికి మీరు రాసినవాటిలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇదే, మీరేమో చివర్లో ఒక్క లైన్‌లో రాసేశారు. తప్పు నంబర్ వస్తే ఎవరో ఒకరు గొడవ చేస్తారు, మళ్లీ తీస్తాం. కరెక్ట్ నంబర్ వచ్చి ఎవరూ చూడకపోతే గొడవ చేసేవాళ్లే ఉండరు. మీరు ల్యాబ్ పీడీఎఫ్‌లు క్లినిక్ వాట్సాప్‌కి వస్తాయని రాశారు. ఆ ఫోన్ సిస్టర్ దగ్గర ఉంటుంది, గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల మధ్య రిపోర్ట్ పైకి జరిగిపోతుంది, 'చూశాం' అన్న నీలం టిక్ పడుతుంది, నిజంగా చూసింది ఎవరో తెలీదు.

దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఒక పొడుగు రిజిస్టర్ చాలు. పేషెంట్ పేరు, నంబర్, ఏ పరీక్షలు, ఏ తేదీ పంపాం, రిపోర్ట్ వచ్చిన తేదీ, డాక్టర్ చూసి పెట్టిన సంతకం, పేషెంట్‌కి చెప్పిన తేదీ, చెప్పినవాళ్ల పేరు. సాయంత్రం షట్టర్ దించేముందు సిస్టర్ ఖాళీ గడులు మాత్రం చూడాలి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) లాంటిది రెండ్రోజుల్లో రాకపోతే ల్యాబ్‌కి ఫోన్, కల్చర్ అయితే ఇంకొంచెం ఆగి. 'ఏమన్నా ఉంటే మేమే ఫోన్ చేస్తాం' అనే మాట ఆపేయండి, దాని అర్థం పేషెంట్‌కి ఫోన్ రాకపోతే అంతా బాగుందని. ఫోన్ రాకపోవడానికి రిపోర్టే రాకపోవడం కూడా కారణం కావచ్చు కదా. 'శుక్రవారం లోపు ఫోన్ రాకపోతే మీరే చేయండి' అని చెప్పి, ఆ తేదీ చీటీ మీద రాసివ్వండి. దసరాకి ఊరెళ్లేముందు, సంక్రాంతికి ముందు ఇచ్చిన శాంపిల్స్ విషయంలో ఇంకా జాగ్రత్త, పేషెంటూ ఊళ్లో ఉండడు, సిస్టరూ ఉండదు.

ఎంత జారిపోతోందో తెలుసుకోవాలంటే ఒక ఆదివారం కూర్చుని రెండు నెలల కిందటి ఓపీ చీటీలు ఒక 50 తీసి, రాసిన ప్రతి పరీక్షకీ రిపోర్ట్ ఉందా, మీ సంతకం ఉందా, పేషెంట్‌కి చెప్పినట్టు ఎక్కడైనా ఉందా లెక్కపెట్టండి. నేను ఇది చేయించిన ఏ క్లినిక్‌లోనూ డాక్టర్ అనుకున్నంత బాగా రాలేదు. రిజిస్టర్ పెట్టిన మూడు నెలలకి మళ్లీ 50 తీయండి. అంతకుమించి పెద్ద ఆడిట్ ఏమీ అక్కర్లేదు.

ప్రాణం మీదికొచ్చే నంబర్లకి వేరే దారి ఉండాలి. పొటాషియం, సోడియం, షుగర్, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్స్, ఏది ఎంత దాటితే లేదా పడిపోతే మీ సొంత ఫోన్‌కి ఏ టైమ్‌లో అయినా కాల్ చేయాలో ల్యాబ్‌తో కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో విన్న నంబర్ తిరిగి చదివి వినిపించాలి, సిక్స్‌టీన్‌కీ సిక్స్‌టీకీ లైన్‌లో పెద్ద తేడా వినిపించదు.

ఆ టీఎస్‌హెచ్ గురించే ఇంకోటి, ఆవిడ జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వాడుతోందేమో అడగండి. కొన్ని కంపెనీల మెషిన్లలో పరీక్ష పద్ధతే బయోటిన్ మీద ఆధారపడి ఉంటుంది, ఒంట్లో బయోటిన్ ఎక్కువుంటే టీఎస్‌హెచ్ దొంగగా తగ్గి, ఫ్రీ టీ4 (థైరాయిడ్ హార్మోన్) దొంగగా పెరిగి, థైరాయిడ్ ఎక్కువైనట్టు కనపడుతుంది. 2017లో అమెరికా ఎఫ్‌డీఏ దీనిమీద హెచ్చరిక కూడా ఇచ్చింది. ఎక్కువ డోసు వాడుతుంటే రెండు మూడ్రోజులు ఆపించి తీయడం మంచిది.

అసలు పరీక్ష రాసే దగ్గర కూడా కొంచెం చూసుకోండి, ఇది మీకు నచ్చకపోవచ్చు. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా జ్వరం అనగానే 'ఫీవర్ ప్రొఫైల్' అని ఒక ప్యాకేజీ టిక్ పెట్టేయడం సిటీ అంతా ఉంది. జ్వరం రెండో రోజు వైడల్ (టైఫాయిడ్ యాంటీబాడీల పరీక్ష) చేసి 'టైఫాయిడ్' అనడంలో అర్థం లేదు, ఆ యాంటీబాడీలు అప్పటికి తయారే కావు, పాజిటివ్ వస్తే ఎప్పటిదో పాతది కావచ్చు. టైఫాయిడ్ అనుమానం ఉంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు బ్లడ్ కల్చర్. డెంగీకి మొదటి ఐదు రోజులు ఎన్ఎస్1 (వైరస్ ప్రొటీన్‌ని పట్టే పరీక్ష), ఆ తర్వాత ఐజీఎం (యాంటీబాడీ పరీక్ష), అదీ ఎలైజా అనే ల్యాబ్ పద్ధతిలో. అందుకే ఫామ్ మీద జ్వరం ఎన్నో రోజో రాయాలి. ప్లేట్‌లెట్స్ 40 వేలని వచ్చి మనిషి బాగానే ఉంటే స్మియర్ (గాజు పలక మీద రక్తం పూత) మైక్రోస్కోప్‌లో చూడమని అడగండి, కొంతమంది రక్తంలో ఈడీటీఏకే ప్లేట్‌లెట్స్ గుంపులు కడతాయి, మెషిన్ ఆ గుంపుని లెక్కపెట్టలేదు. అట్లాంటప్పుడు బ్లూ క్యాప్‌లో తీసి, వచ్చిన నంబర్‌ని 1.1తో హెచ్చిస్తే అసలుది తెలుస్తుంది.

ఇక ల్యాబ్. మార్చే ముందు ఇప్పుడున్నవాళ్లని నాలుగు ప్రశ్నలు అడగండి. గోడ మీద ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యత చూసి గుర్తింపిచ్చే సంస్థ) సర్టిఫికెట్ ఉంటే చాలదు, మీరు పంపే పరీక్షలు దాని స్కోప్‌లో, అంటే గుర్తింపు ఉన్న పరీక్షల జాబితాలో ఉన్నాయా. నా శాంపిల్ మీ దగ్గరే చేస్తారా, ఇంకోచోటికి పంపిస్తారా. రోజూ రెండు లెవెల్స్ కంట్రోల్ (మెషిన్‌ని సరిచూసే, విలువ ముందే తెలిసిన శాంపిల్) పెడతారా, బయటి నుంచి వచ్చే గుడ్డి శాంపిల్స్ (విలువ చెప్పకుండా పంపేవి) ప్రోగ్రామ్‌లో ఉన్నారా, వెల్లూరు సీఎంసీ వాళ్లదో ఇంకోటో. శాంపిల్ బాగాలేకపోతే వెనక్కి పంపిస్తారా. ఈ చివరిది ముఖ్యం. ఎప్పుడూ ఏ శాంపిలూ రిజెక్ట్ చేయని ల్యాబ్‌ని నేను నమ్మను. మన క్లినిక్‌ల నుంచి వెళ్లేవన్నీ బాగుండవు, మరి అవన్నీ రిపోర్టులై ఎట్లా వస్తున్నాయి?

శాంపిల్ తీసేది ఒకచోట, చేసేది ఇంకోచోట అయినంత మాత్రాన చెడిపోదు, అది కూడా చెప్పాలి. 2018లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) పెట్టిన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్ ఈ లెక్కమీదే నడుస్తుంది, బస్తీ దవాఖానాల్లో, పీహెచ్‌సీల్లో తీసినవి బండిలో అక్కడికి వెళ్తాయి. దూరం కన్నా టైమ్, స్పిన్ చేయడం, డబ్బా ముఖ్యం. మీ రైడర్‌ని సాయంత్రం ఒక్కసారి కాకుండా పదకొండున్నరకి కూడా ఒకసారి రమ్మనండి, పరగడుపువన్నీ అప్పటికే అయిపోతాయి. ట్యూబులు నిలువుగా స్టాండ్‌లో ఉండాలి, కవర్‌లో వేసి బండి హ్యాండిల్‌కి తగిలించుకుని పోతుంటే ఆపండి. ఐస్ ప్యాక్ ట్యూబ్‌కి నేరుగా తగలకూడదు.

ఎనలైజర్ మీద ఇంకా మనసుంటే, మెషిన్ ధర చూసి నిర్ణయించుకోవద్దు. రోజూ కంట్రోల్స్ ఖర్చు, తెరిచాక పాడయ్యే రీఏజెంట్లు (పరీక్షకి వాడే రసాయనాలు), కంట్రోల్స్ చార్ట్ చూసి 'ఈరోజు రిపోర్టులు ఇవ్వొద్దు' అని చెప్పగల టెక్నీషియన్ జీతం, ఇవన్నీ కలపండి. రోజుకి ఇరవై ముప్పై శాంపిల్స్‌కి అది గిట్టుబాటు కాదు, అప్పుడు ముందు మానేసేది కంట్రోల్సే, ఇది చాలా చోట్ల చూశా.

అబ్బాయి సంగతి. అతనికి ఫ్రిజ్‌లో పెట్టమని ఎవరో చెప్పారు, పెట్టాడు. మీరే ఒక అరగంట పక్కన నిలబడి ఏమీ అనకుండా చూడండి, ఏ ట్యూబ్ ముందు నింపుతున్నాడు, లేబుల్ ఎప్పుడు వేస్తున్నాడు. తర్వాత ఒక్కటే మార్చండి, ముందు ఫ్రిజ్, రెండు వారాలాగి లేబుల్. అన్నీ ఒకేరోజు చెప్తే ఏదీ నిలవదు.

ఆ ఎక్కువొచ్చిన పొటాషియం రిపోర్టుల్లో కాల్షియం, ఏఎల్‌పీ కూడా చేసి ఉంటే పేర్లు తీసేసి నంబర్లు ఇక్కడ పెట్టండి, శాంపిల్ తీసిన టైమ్, ల్యాబ్‌కి చేరిన టైమ్ కూడా. ఫ్రిజ్ అనే నా అనుమానం కరెక్టో కాదో చూసి చెప్తా.